ఫస్ట్ గేరులో సింహం

ఆ రోజు పొద్దున త్రినాథరావు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తలంటు పోసుకోవడం, రెండు ఇడ్లీలు తినడం, జూబ్లీహిల్స్‌లో నిర్మాత ఇంటి ముందు కారు ఆపడం, దారిలో కథ చెప్పడం, మధ్యాహ్నం భోజనం వేళకు దర్శకుడైపోవడం. చివరిదొక్కటే కొంచెం కష్టం. దానికోసం ఆయన పద్దెనిమిదేళ్లుగా ప్రయత్నిస్తున్నాడు.

ఈ పద్దెనిమిదేళ్లూ ఆయన కో-డైరెక్టరు. అంటే ఎండలో నిలబడేది ఆయన, గొడుగు కింద కూర్చునేది వేరొకరు. ప్రస్తుతం ఒక టీవీ ఛానెల్ కోసం ఫిల్మ్ నగర్ స్టూడియోలో తీస్తున్న పౌరాణిక సీరియల్‌కు పనిచేస్తున్నాడు. దాని దర్శకుడు బసవపున్నయ్యకు ముందురోజు రాత్రే ఫోను చేసి, జ్వరమని చెప్పి, నమ్మకం కోసం రెండుసార్లు దగ్గాడు. జ్వరానికి దగ్గు ఎందుకని బసవపున్నయ్య అడగలేదు. పేదరాలి గుడిసెలో చీపురు మరీ కొత్తగా ఉందని ఒకసారి షూటింగే ఆపించిన మనిషి ఉత్తినే సెలవు పెడతాడని ఎవరనుకుంటారు!

నిర్మాత పేరు నర్సింహ. మాదాపూర్ వైపు మేకలు కూడా మొహం తిప్పుకునే రాళ్ల భూమి ఆయనకు తాతల నాటి నుంచీ ఉండేది. ఉన్నట్టుండి ఆ రాళ్ల మీద అద్దాల మేడలు లేచాయి, కంప్యూటర్లు దిగాయి, నర్సింహ జూబ్లీహిల్స్‌కు ఎక్కాడు. ఆ కొండ మీద ఇల్లు కట్టినవాడికి కొన్నాళ్లకు సినిమా తీయాలనిపిస్తుంది. అది గాలిలోనే ఉంది, ఆయన తప్పేమీ లేదు.

"నా బండిల వద్దు. మా డ్రైవర్‌కు నోరాగదు. మొన్న ఒకాయన కథ జెప్తే, నేను ఇంటికొచ్చేటాల్లకే పాన్‌డబ్బా కాడ క్లైమాక్స్ నడుస్తుంది. నీ బండి దీస్కొని రా. ఫిల్మ్ నగర్ల కొత్త ఆఫీస్ కాడికి పోవాలె. నువ్వు నడుపుకుంట జెప్పు, నేను ఇనుకుంట గూసుంట" అని ముందురోజే ఫోనులో అన్నాడు నర్సింహ.

త్రినాథరావుకు ఇంతకంటే ఏం కావాలి? ఇంతవరకూ ఆయన కథ విన్న నిర్మాతలంతా ఇంటర్వెల్ రాకముందే ఏదో పని గుర్తొచ్చి లేచి వెళ్లిపోయారు. నడుస్తున్న కారులోంచి ఎంతటి నిర్మాత అయినా లేచి వెళ్లలేడు.

మధురానగర్‌లోని అద్దె ఇంటి ముందు దేవుడికి దణ్ణం పెట్టుకుని, పాత తెల్ల కారు వెనక్కి తీద్దామని రివర్సు వేశాడు. గేరు పడలేదు. గేరు రాడ్డు మీది నాబ్ మాత్రం ఊడి చేతిలోకి వచ్చింది. వచ్చింది కూడా ఒక ముక్కగా కాదు, ఎండకు పెళుసెక్కిన అప్పడంలా నాలుగు ముక్కలుగా వచ్చింది. మిగిలిన రాడ్డు బోడి ఇనుప చువ్వలా నిలబడింది.

భార్య అమ్మాజీ గుమ్మంలోంచి చూసి, "ఏదైనా పాత గుడ్డ చుట్టుకుని వెళ్లండి. ఆయన వినేది కథండీ, గేరు కాదు" అంది.

"నీకు తెలీదు అమ్మాజీ. నిర్మాత నా పక్కనే కూర్చుంటాడు. మా ఇద్దరి మధ్యా ఉండేది అదొక్కటే. కథ చెప్పినంతసేపూ కళ్లు దానిమీదే ఉంటాయి. గుడ్డ పీలిక చూస్తూ వింటే కథ కూడా గుడ్డ పీలికలాగే వినపడుతుంది."

"ఈ శ్రద్ధలో సగం గ్యాసు సిలిండరు మీద పెట్టుంటే ఈపాటికి ఇంట్లో వంట అయ్యేది" అని అమ్మాజీ లోపలికి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ, "మంచిగా చెప్పి రండి" అని మాత్రం అంది. ఆ మాటకు త్రినాథరావు గుండె తడిసింది. ఈసారి ఒట్టి చేతులతో ఇంటికి రాకూడదని గట్టిగా అనుకున్నాడు.

యూసుఫ్‌గూడలో కార్ల అలంకరణ సామాన్లు అమ్మే జగదీశ్ అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. గేరు నాబ్ అనగానే గాజు బల్ల మీద ఒక్కొక్కటే పేర్చాడు.

"గిది జూడుండ్రి సార్. పుర్రె. సాఫ్ట్‌వేర్ పోరగాళ్లు మస్తు కొంటున్నరు."

"శుభమా అని కథ చెప్పడానికి వెళ్తూ పుర్రె పట్టుకోమంటావా?"

"అయితే ఫుట్‌బాల్."

"తన్ని తగలేస్తాడు."

"పాచిక?"

"పక్కన కూర్చునేది పెట్టుబడి పెట్టేవాడయ్యా. సినిమా అంటే జూదమని మనమే గుర్తుచేస్తామా?"

జగదీశ్ కాసేపు ఆలోచించి, లోపలి నుంచి గాజు గుండు ఒకటి తెచ్చాడు. దాని మధ్యలో నిజం తేలు ఒకటి కొండి ఎత్తుకుని ఉంది. "గిది స్పెషల్ పీస్. ఎవ్వరి తాన లేదు."

"ఆయనది వృశ్చిక రాశి. ఆయన రాశిని పట్టుకుని ముందుకూ వెనక్కూ గుంజితే ఊరుకుంటాడా?"

"మరి గీ నల్లది తీస్కోండ్రి. సాదాది. బండితోని వచ్చేది గిదే."

"నలుపా! మంచి పనికి వెళ్తూ నలుపా!"

జగదీశ్ గేరు నాబ్‌లన్నీ డబ్బాలోకి ఊడ్చేసుకున్నాడు. "సార్, మీరు గేర్ నాబ్‌కు వచ్చిన్రా, పిల్లకు సంబంధం జూడనీకి వచ్చిన్రా? ఫస్ట్ బోణీ టైమ్ల పరేషాన్ జేయకుండ్రి."

నిజం చెప్పాలంటే ఆ నల్లది కొనుక్కుని వెళ్తే ఈ కథ లేదు. కానీ పద్దెనిమిదేళ్లపాటు వేరేవాళ్ల షాట్లకు పూలకుండీలూ చేతికర్రలూ ఎంచి ఎంచి, త్రినాథరావుకు మామూలు వస్తువు మామూలుగా కనిపించడం మానేసింది. అన్నిటికీ అర్థం ఉండాలి. అర్థం ఉన్న వస్తువులు యూసుఫ్‌గూడలో దొరకవు, స్టూడియోలో దొరుకుతాయి. కారును అటు తిప్పాడు. బోడి రాడ్డుతో అరచెయ్యి బొబ్బలెక్కింది.

స్టూడియో వెనక గేటు నుంచి దొంగలా దూరి, ప్రాపర్టీ గదిలో గదలకు బంగారు రంగు పూస్తున్న పోచయ్య దగ్గరకు వెళ్లాడు. షూటింగుకు కావలసిన ప్రతి వస్తువూ ఆ గదిలోదే, దేనికైనా జవాబు చెప్పవలసింది పోచయ్యే.

"జరం అన్నరు గద సార్?"

"ఉంది. దాంతోనే వచ్చాను. పోచయ్యా, చేతిలో ఇమిడేది, గొప్పగా కనిపించేది ఏదైనా ఉందా?"

పోచయ్య కమండలం చూపించాడు, శంఖం చూపించాడు. త్రినాథరావు చూపు మాత్రం మూలనున్న రాక్షసరాజు సింహాసనం మీద ఆగింది. దాని రెండు చేతుల చివరా జామకాయంత సింహం తలలు రెండు, నోళ్లు తెరుచుకుని, బంగారు జూలుతో ధగధగ మెరుస్తున్నాయి. నిర్మాత పేరు నర్సింహ. ఆయన పేరులోని సింహం గేరు మీద కూర్చుంటే ఎలా ఉంటుంది! ఇంత చిన్న విషయంలో ఇంత గౌరవం చూపినవాడు సినిమా ఎలా తీస్తాడోనని ఆయన మురిసిపోడా!

"ఇయ్యాల్ల సింహాసనం పని లేదులే సార్. అంతా రాణీగారి సీన్లే" అంటూ పోచయ్య ఒక తలను మెల్లగా తిప్పి ఊడదీశాడు. రాడ్డుకు టేపు చుట్టి, దాని మీద సింహాన్ని బిగించి పెట్టాడు. "కని రేపు పొద్దుగాలకల్లా తెచ్చియ్యాలె. ఇది లేదంటే నా నౌకరి ఉండది."

"నా మీద నమ్మకం లేదా పోచయ్యా?"

"మీ మీద ఉన్నది సార్. జరం మీదనే లేదు."

జూబ్లీహిల్స్‌లో నర్సింహ తెల్ల బట్టల్లో, నుదుట నిలువు బొట్టుతో వాకిట్లో సిద్ధంగా ఉన్నాడు. త్రినాథరావు కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. నర్సింహ ఒక కాలు లోపల పెట్టి, గేరు వైపు చూసి, ఆ కాలు చటుక్కున బయటికి తీసేశాడు. తర్వాత చెప్పులు విడిచాడు. తర్వాత రెండు చేతులూ జోడించాడు.

"నర్సింహసామి! మా ఇంటి దేవుడు! బుచ్చమ్మా, ఎక్కడున్నవే, జల్ది రా! సామి మన వాకిట్లకు వచ్చిండు!"

నిర్మాతను మెప్పిద్దామనుకున్నాడు తప్ప, త్రినాథరావుకు ఈ దారి తట్టలేదు. అది స్వామి కాదు, రాక్షసుడి కుర్చీ చెయ్యి అని చెప్పడానికి నోరు తెరిచాడు. అదే సమయానికి నర్సింహ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇప్పటిదాంక మస్తుమంది వచ్చిన్రు, కథలు జెప్పిన్రు. సామిని ఎంటవెట్టుకొని వచ్చినోనివి నువ్వొక్కనివే. నువ్వే నా డైరెక్టర్ అనిపిస్తుంది నాకు."

తెరిచిన నోరు తెరిచినట్టే మూసుకుంది. దర్శకుడు అనే మాట చెవిన పడ్డాక నిజం చెప్పే తీరిక ఎవరికి ఉంటుంది? కథ పూర్తిచేసి, సరేననిపించుకుని, ఆ తర్వాత నెమ్మదిగా చెప్పవచ్చనుకున్నాడు.

నర్సింహ భార్య బుచ్చమ్మ పసుపూ కుంకుమా పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. సింహానికి బొట్టు పెట్టింది. జూలులో మందారం పువ్వు తురిమింది. కారులోనే హారతి ఇచ్చింది. పొగకు త్రినాథరావు కళ్లలో నీళ్లు తిరిగాయి. "డైరెక్టర్ సార్‌కు భక్తి ఎక్కువున్నట్టుంది" అని ఆమె భర్తతో మెల్లగా అంది.

నర్సింహ విడిచిన చెప్పులు డిక్కీలో పెట్టించుకుని కారు బయల్దేరింది. ఆయన బుచ్చమ్మ వైపు తిరిగి ఉండగా ఫస్ట్ గేరు బాగానే పడింది. వీధి మలుపు తిరిగాక సెకండ్ వేద్దామని త్రినాథరావు సింహం తల మీద చెయ్యి వేశాడో లేదో, నర్సింహ ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం జేస్తున్నవ్?"

"సెకండ్ గేరండీ."

"సామి తల వట్టుకొని గుంజుతవా? కండ్లు పోతయ్!"

త్రినాథరావు చెయ్యి కాస్త కిందికి దించి, రాడ్డు పట్టుకున్నాడు.

"మెడ వడ్తవా!"

"మరి బండి ఎలా నడపాలండీ?"

"ఉన్న గేర్లనే పోనీయ్. సామి ఏ గేర్ల ఉంటే గదే మన గేర్."

కారు ఫస్ట్ గేరులోనే గొంతు చించుకుంటూ కదిలింది. సైకిళ్లు దాటిపోయాయి. తోపుడు బండి మీద అరటిపళ్లు అమ్మేవాడు దాటిపోతూ జాలిగా చూశాడు. అయినా కథకు ఎక్కువ సమయం దొరికిందని త్రినాథరావు మనసు సరిపెట్టుకున్నాడు. గొంతు సవరించుకుని, ఇంజిన్ రొదను మించి అరిచాడు.

"సార్, ఓపెన్ చేస్తే ఒక శవం!"

"ఛీ ఛీ! సామి ముంగట శవమా! గది తీసెయ్."

పద్దెనిమిదేళ్లుగా ఆ కథ శవంతోనే మొదలవుతోంది. శవం లేకపోతే దాన్ని వెతుక్కుంటూ వచ్చే హీరో లేడు. త్రినాథరావు రెండో సీనుకు దూకాడు. "కట్ చేస్తే, క్లబ్బులో డాన్సు..."

"సామి ముంగట క్లబ్బా?"

"పోనీ, విలన్ ఇంట్లో పార్టీ సార్. మేకను నిలువునా కాల్చి..."

"ఇయ్యాల్ల శనివారం."

అలా ఒక్కొక్క సీనే రాలిపోయింది. ఫిల్మ్ నగర్ ఎత్తు రోడ్డు మొదలయ్యేసరికి హీరోయిన్ పరిచయం పోయింది, ఇంటర్వెల్ హత్య పోయింది, వాన పాటకు నర్సింహ సగం ఒప్పుకుని మళ్లీ వద్దన్నాడు. కథలో శుభం కార్డు తప్ప ఏమీ మిగల్లేదు. అది కూడా చెప్పేద్దామని త్రినాథరావు నోరు తెరవబోతుండగా బానెట్ కింది నుంచి బుస్సుమని తెల్లటి ఆవిరి లేచింది. కారు రెండు కుదుపులు కుదిపి నిలిచిపోయింది. నిలిచిపోయింది కూడా ఎక్కడ? సరిగ్గా ఆయన జ్వరంతో సెలవు పెట్టిన స్టూడియో గేటు ముందు.

"ఇంజిన్ వేడెక్కిందండీ. ఎత్తులో ఫస్ట్ గేరు..."

"కాదు" అన్నాడు నర్సింహ శాంతంగా. "సామికి ఈడ ఆగాలని ఉన్నది."

వెనక హారన్లు మొదలయ్యాయి. ఒక ఆటో, రెండు స్టూడియో వ్యాన్లు, వాటి వెనక ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ బస్సు. బస్సులోంచి మెడలో ఐడీ కార్డు వేసుకున్న అమ్మాయి దిగి వచ్చింది. కార్డు మీద వందన అని ఉంది.

"అంకుల్, ఎనీ ప్రాబ్లమ్? శనివారమైనా మాకు తొమ్మిదిన్నరకి క్లయింట్ కాల్ ఉంది."

"ఫికర్ జేయకు బిడ్డా. సామి కదలనంటుండు, గంతే."

వందన అద్దంలోంచి లోపలికి చూసింది. పసుపు, కుంకుమ, మందారం, తెరిచిన నోరు, చుట్టూ ఆవిరి. ఒక్క క్షణం ఆలోచించి, చెప్పులు రోడ్డు పక్కన వదిలి, ఐడీ కార్డు చేత్తో పట్టుకుని కారు చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టింది. ఆ అమ్మాయిని ఆన్‌సైట్ పని మీద అమెరికా పంపిస్తామని మేనేజరు ఏడాదిగా ఊరిస్తున్నాడు. ఆమె తిరగడం చూసి బస్సులోని టీమంతా దిగింది. వాళ్లు తిరగడం మొదలుపెట్టాక ఇక పక్క నుంచి స్కూటరు కూడా పోవడానికి దారి లేకపోయింది. పోలేనివాళ్లు ఆగారు. ఆగినవాళ్లు ఊరికే ఎందుకని దణ్ణం పెట్టారు.

త్రినాథరావు జేబురుమాలు మొహానికి కట్టుకుని స్టీరింగు మీదికి వంగిపోయాడు. ఆయన ధ్యానంలో ఉన్నాడని నర్సింహ వచ్చినవాళ్లకు చెప్తున్నాడు. ఎవరో కొబ్బరికాయ తెచ్చారు. బంపరు మీద కొట్టారు. ఎవరో నిమ్మకాయలు తెచ్చారు. బానెట్ మీద కర్పూరం వెలిగించబోతే త్రినాథరావు కిటికీలోంచి తల బయటపెట్టి, "పెట్రోలు! పెట్రోలు!" అని కేకపెట్టాడు. అది ఏ మంత్రమోనని వెనకనున్న ముసలావిడ కూడా రెండుసార్లు అంది.

ఇంతలో టీ తాగడానికి గేటు బయటికి వచ్చిన సీరియల్ జూనియర్ ఆర్టిస్టులు ఈ గుంపు చూశారు. వాళ్లంతా ఆ రోజు ఋషులు. జటలూ గడ్డాలూ కాషాయాలూ. సంగతేమిటో తెలియకపోయినా, నలుగురు నిలబడ్డచోట నిలబడటం వాళ్ల వృత్తి గనక కారు చుట్టూ వరసగా నిలబడి చేతులెత్తారు. అంతవరకూ నమ్మాలో వద్దో తేల్చుకోలేక స్కూటరు మీదే కూర్చున్నవాళ్లు కూడా ఋషులు వచ్చేశారని దిగిపోయారు.

అసలు ప్రమాదం లోపల తయారవుతోంది. రాణి వేషం వేసే నటి ఆ పూట రాలేనని కబురు పెట్టింది. కాల్షీటు వృథా కానివ్వకూడదని దర్శకుడు బసవపున్నయ్య రేపటి దర్బారు సీను ఇవ్వాళే తీద్దామన్నాడు. లైట్లు పెట్టారు, సింహాసనం తెచ్చి వేశారు, రాక్షసరాజు వచ్చి కూర్చున్నాడు. కుడి చెయ్యి పెట్టుకోబోతే అక్కడ మేకు తప్ప సింహం లేదు. పాత ఎపిసోడ్లన్నిటిలో రెండు సింహాలున్నాయి. ఇప్పుడొకటి మాయమైతే ఎలా కుదురుతుందని బసవపున్నయ్య గంతులేశాడు. పోచయ్య గేటు వైపు పరుగు తీశాడు.

గుంపును తోసుకుని వచ్చి, కిటికీ దగ్గర రొప్పుతూ నిలబడ్డాడు. "సార్! తల ఇయ్యుండ్రి సార్! సీన్ ముందుకొచ్చింది!"

"ఏ తల?" అన్నాడు నర్సింహ.

పోచయ్య లోపలికి చూశాడు. బొట్టు పెట్టుకుని, పువ్వు తురుముకుని, హారతి మసితో ఉన్న తన సింహాన్ని గుర్తుపట్టలేకపోయాడు. గుర్తుపట్టాక కిటికీని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ వెనకే బసవపున్నయ్య వచ్చాడు, స్టీరింగు మీద వాలిన జేబురుమాలును వేలితో పైకెత్తాడు.

"జ్వరం ఎలా ఉందయ్యా త్రినాథరావూ?"

"ఇప్పుడే ఎక్కుతోందండీ."

"నా సింహం ఇలా ఇవ్వు." బసవపున్నయ్య కిటికీలోంచి చెయ్యి పెట్టాడు. నర్సింహ ఆ చేతిని పట్టుకున్నాడు. గుంపంతా ఒక్కసారిగా గగ్గోలు పెట్టింది.

"స్వామి తల మీద చెయ్యి వేస్తాడేమిటి!"

"స్వామీ లేదు, గీమీ లేదు! అది నా సింహాసనం చెయ్యి! అట్టతో చేసింది! నేను దర్శకుణ్ణి, నా మాట నమ్మండి!"

"స్వామిని పట్టుకుని చెయ్యంటాడు, అట్టంటాడు! ఎంత పొగరు!" అంది ముసలావిడ. ఋషులు కూడా కోపంగా ఆయన వైపు చూశారు. వాళ్లకు ఆ రోజు భోజనం పెట్టవలసింది ఆయనే అయినా, గుంపులో ఉన్నప్పుడు గుంపులాగే ఉండాలని వాళ్లకు ఆయనే నేర్పాడు.

ఆలస్యమెందుకవుతోందో చూద్దామని అప్పుడే రాక్షసరాజు గేటులోంచి బయటికి వచ్చాడు. తల మీద కొమ్ముల కిరీటం, చెవులదాకా మీసాలు, భుజాన గద. నరసింహస్వామి ముందుకు గద పట్టుకుని రాక్షసుడు నడిచి వస్తుంటే జనం ఏమనుకుంటారు? కొందరు కెవ్వుమని అరిచారు. కొందరు దారి వదిలారు. జరగబోయేది చూడాలని ఒకాయన గోడెక్కాడు. వందన మాత్రం ప్రదక్షిణం మధ్యలో ఆపకూడదని అతని పక్క నుంచే తిరిగి వెళ్లింది.

రాక్షసరాజు కారు దగ్గరికి వచ్చి, లోపలికి తొంగి చూశాడు. గద జారి కింద పడింది. అతను కిరీటం తీసి చంకలో పెట్టుకుని, రోడ్డు మీద సాష్టాంగపడ్డాడు. "తండ్రీ, తప్పైపోయింది. ఈ వేషం ఒప్పుకున్నప్పటి నుంచీ నా నడుం పట్టేసింది. నన్ను వదిలెయ్!"

రాక్షసుడే శరణన్నాక ఇక అడ్డేముంది? జయజయధ్వానాలతో ఫిల్మ్ నగర్ దద్దరిల్లింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా వాహనాలు నిలిచిపోయాయని ఎవరో వార్త తెచ్చారు. ఇక్కడే ఒక మండపం కట్టిద్దామని నర్సింహ గోడెక్కినాయనతో చర్చ మొదలుపెట్టాడు.

ఆ సందడిలో కిటికీ పట్టుకుని కదలకుండా నిలబడింది పోచయ్య ఒక్కడే. అరవడం లేదు, అడగడం లేదు. త్రినాథరావు అతని మొహం చూశాడు. బసవపున్నయ్య సాయంత్రానికి అతన్ని ఇంటికి పంపించేస్తాడు. మండపం లేస్తుంది, తాను దర్శకుడవుతాడు, పోచయ్య గదలకు రంగు వేసుకునే పని కూడా లేకుండా పోతుంది. త్రినాథరావుకు సిగ్గు వేసింది. పద్దెనిమిదేళ్లు ఆగినవాడికి దర్శకత్వం మరో పద్దెనిమిదేళ్లు ఆలస్యమైనా ప్రాణం పోదని తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకుంటే బాధ తగ్గలేదు గానీ, చెయ్యి మాత్రం కదిలింది.

సింహం తలను పట్టుకుని ఒక్క తిప్పు తిప్పి ఊడదీశాడు.

ఆయన కారు దిగి, తలను బోర్లించి నర్సింహకు చూపించాడు. లోపల డొల్ల. అట్ట, మైదా జిగురు, పాత దినపత్రిక ముక్కలు.

"ఆయన చెప్పింది నిజమండీ. ఇది స్వామి కాదు. రాక్షసరాజు కుర్చీ చెయ్యి. నా గేరు నాబ్ ఊడిపోతే పోచయ్యను బతిమాలి తెచ్చుకున్నాను. ఇది తిరిగి ఇవ్వకపోతే అతని ఉద్యోగం పోతుంది. మీ పేరులో సింహం ఉంది కదా, సంతోషిస్తారని పెట్టాను. మీరు దణ్ణం పెట్టగానే చెప్పవలసింది. దర్శకుడన్నారు, ఆ ఆశకు నోరు రాలేదు. క్షమించండి."

తలను పోచయ్య చేతిలో పెట్టాడు. పోచయ్య దాన్ని పంచె కొంగుతో తుడవబోయి, బొట్టు చూసి తుడవడం మానేసి, గుండెలకు పెట్టుకుని లోపలికి పరిగెత్తాడు. వందన ప్రదక్షిణం ఆపింది. "మరి నా ఆన్‌సైట్?" అంది దిగాలుగా. రాక్షసరాజు లేచి మోకాళ్లు దులుపుకుంటూ, "నేను మొక్కింది దేవుడికమ్మా, అట్టకు కాదు. నువ్వూ అంతే అనుకో" అన్నాడు. ఋషులు టీ తాగడానికి వెళ్లిపోయారు.

నర్సింహ రోడ్డు మీద ఒట్టి కాళ్లతో నిలబడి ఉన్నాడు. కాసేపు బోడి రాడ్డు వైపు చూశాడు, కాసేపు బానెట్ మీది కొబ్బరి చిప్పల వైపు చూశాడు. ఆయన మొహంలో కోపమో బాధో తెలియలేదు. త్రినాథరావు డిక్కీలోంచి ఆయన చెప్పులు తెచ్చి, కాళ్ల దగ్గర పెట్టాడు.

అవకాశం వస్తే బసవపున్నయ్య వదులుకునే రకం కాదు. ముందుకు వచ్చి చొక్కా సర్దుకున్నాడు. "చూశారు కదండీ, మొదటినుంచీ నేను చెప్పిందే నిజం. మీలాంటి నిర్మాత ఇలాంటివాళ్ల చేతిలో పడకూడదు. నా దగ్గర మంచి కథ ఒకటుంది. కారులో కూర్చుని..."

"నువ్వు నిజమే జెప్పినవ్ సార్" అన్నాడు నర్సింహ. "దర్శకుణ్ణి అని గూడ జెప్పినవ్. గొంతు చించుకొని జెప్పినవ్. గిందరిల ఒక్కడన్న నమ్మిండా?"

బసవపున్నయ్య చుట్టూ చూశాడు. ముసలావిడ ఇంకా ఆయన్ని కొరకొరా చూస్తూనే ఉంది.

"గీయన అబద్ధం గూడ జెప్పలే. నోరు మూసుకొని గూసున్నడు. అట్టముక్కను వెట్టి నన్ను మొక్కిచ్చిండు, కంప్యూటర్ పిల్లలను తిప్పిచ్చిండు, రాక్షసుని గూడ పండవెట్టిండు. సినిమా అంటే మరి గిదే గద?" నర్సింహ చెప్పులు తొడుక్కుని త్రినాథరావు వైపు తిరిగాడు. "మల్ల, పోచయ్య నౌకరి పోతదని చేతికొచ్చిన సినిమా ఇడిసిపెట్టినవ్. గసొంటోని చేతిల నా పైసలు యాడికీ పోవు. నువ్వే డైరెక్టర్వి. ఇగ జెప్పు, ముహూర్తం ఎప్పుడు వెడ్దాం?"

త్రినాథరావుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి హారతి పొగ లేదు. అమ్మాజీకి ఎలా చెప్పాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో తోచలేదు. కానీ పద్దెనిమిదేళ్ల అలవాటు ఊరుకోదు కదా.

"సార్, మరి కథ? మీరింకా వినలేదు. ఓపెన్ చేస్తే..."

నర్సింహ చెయ్యెత్తి ఆపేశాడు. "కథ నాకు జెప్పకు. జెప్పకపోతేనే మంచిగ నమ్మిన."

ఆ మాట ప్రకారం త్రినాథరావు ఆ కథను నిర్మాతకు చెప్పలేదు, నటులకు చెప్పలేదు, కెమెరామన్‌కు కూడా చెప్పలేదు. మరుసటి ఏడాది సినిమా విడుదలైంది. అందులో కథేమిటో చూసినవాళ్లు కూడా ఎవరికీ చెప్పలేకపోయారు.